సాల్వెంట్ ప్లాంటు తిప్పేముందు: తవుడు దుమ్ము, హెక్సేన్ కలిసేచోట జాగ్రత్తలు

సార్వా కోతలు మొదలైతే మండపేట, తణుకు, తాడేపల్లిగూడెం వైపు మిల్లుల నుంచి తవుడు లారీలు వరసకడతాయి. తవుడు నిలవుంటే నూనెలో ఆమ్లం పెరిగిపోతుంది కాబట్టి వచ్చిన సరుకు వచ్చినట్టే ఆడించాలని అందరికీ తొందర. శుభ్రం చేసే పని వాయిదా పడేది అప్పుడే. కాబట్టి ఈ పనులన్నీ మొదటి లారీ గేటు దాటకముందే ముగించాలి.

తవుడులోంచి నూనె లాగడానికి వాడే ద్రావకం హెక్సేన్. దాని ఆవిరి గాలిలో సుమారు 1.1 శాతానికి చేరితే అంటుకుంటుంది. గ్యాస్ మీటరు దీన్నే 100 శాతం ఎల్‌ఈఎల్ (అంటుకునే కనీస హద్దు) అంటుంది. మీటరులో 40 కనిపిస్తే ఇంకా 60 మిగిలుంది కదా అనే ధీమా తవుడు లేచేచోట పనికిరాదు. ఆవిరి తన హద్దు లోపల, దుమ్ము తన హద్దు లోపల ఉన్నా రెండూ కలిస్తే పేలొచ్చు. రవ్వ సంగతీ అంతే. ధాన్యపు దుమ్మును ముట్టించడానికి మామూలుగా పదుల మిల్లీజౌళ్ళ శక్తి కావాలి, హెక్సేన్ ఆవిరికి పావు మిల్లీజౌల్ చాలు. ప్లాస్టిక్ సంచి గుమ్మరించినప్పుడు పుట్టే స్టాటిక్ రవ్వ రెండు మూడు మిల్లీజౌళ్ళు ఉండొచ్చు. వట్టి దుమ్ములో అయితే అది ఆరిపోయేదే, ఆవిరి కలిస్తే అంటిస్తుంది. అందుకే ఎక్స్‌ట్రాక్టర్ (హెక్సేన్‌తో నూనె లాగే యంత్రం) దగ్గర ప్లాస్టిక్ సంచులు దులపనివ్వకండి. కన్వేయర్లకూ పైపులకూ ఎర్తింగ్ మీటరు పెట్టి చూడండి, ఫ్లాంజికీ ఫ్లాంజికీ మధ్య జంపర్ తీగతో సహా.

దుమ్మును తక్కువ అంచనా వేస్తారు. నేలమీద ఒక మిల్లీమీటరు తవుడు పొరంటే చదరపు మీటరుకు దాదాపు 300 గ్రాములు. 5 మీటర్ల ఎత్తు గదిలో అదంతా లేస్తే ఘనపు మీటరుకు 60 గ్రాములు. ధాన్యపు దుమ్ము పేలడం మొదలయ్యేది ఇంచుమించు అక్కడే. నేల అందరూ ఊడుస్తారు. దూలాల పైన, కేబుల్ ట్రేలలో, లైటు డూముల మీద చూడండి. పైనుంచి కిందికి, పేలుడు ప్రమాదమున్న చోటికి తగిన వాక్యూమ్‌తోనో తడిగుడ్డతోనో తీయాలి. కంప్రెసర్ హోస్‌తో ఊదితే పేలడానికి కావలసిన మబ్బు మనమే తయారు చేసినట్టు.

ఇక మీటరు. మామూలు క్యాటలిటిక్ మీటరును (ఆవిరిని లోపల మండించి కొలిచేది) మీథేన్‌తో క్యాలిబ్రేట్ చేసి ఉంటే హెక్సేన్‌ను బాగా తక్కువ చూపిస్తుంది. తలమీది జాలీకి తవుడు పట్టినా తక్కువే. స్టీమ్, నైట్రోజన్ నింపిన పాత్రలో ఆక్సిజన్ లేక తప్పు చూపిస్తుంది. జాలీ మార్చి, హెక్సేన్ లెక్కకు సరిచేయించాకే సీజనులోకి దిగండి. హెక్సేన్ ఆవిరి గాలికి మూడు రెట్లు బరువు కాబట్టి కొలత మోకాలి కింద, గుంటల్లో తీయాలి.

ఎలివేటర్ బూటు (తవుడును పైకెత్తే యంత్రం అడుగు పెట్టె) మీద వెల్డింగ్ ఈ సీజనులో తప్పనిసరిగా వచ్చే పని. ఉదయం మీటరు సున్నా చూపించిందని పర్మిట్ రాసిచ్చేస్తారు. కానీ మూలల్లో గడ్డకట్టిన తవుడు హెక్సేన్‌ను పీల్చుకుని ఉంటుంది. రేకు వేడెక్కాక ఆ ఆవిరి బయటికొస్తుంది. ముందు గడ్డలు గీకి తీసేయండి, స్టీమ్ పెట్టండి, మూతలన్నీ తెరిచి గాలాడనివ్వండి, చుట్టూ తడపండి. వెల్డింగ్ సాగినంతసేపూ మీటరు పక్కన ఆడుతూనే ఉండాలి, సున్నా దాటితే ఆపేయాలి. వీలైతే ఆ ముక్క విప్పి బయట అతకడమే మేలు.

కరెంటు పోయి బాయిలర్ స్టీమ్ పడిపోతే డీటీలోంచి (నూనె తీసిన తవుడును వేడిచేసి హెక్సేన్ వదిలించే పాత్ర) హెక్సేన్ వదలని తవుడు నేరుగా గోడౌనుకు పోతుంది. తిరిగి వేడి అందేవరకు వచ్చిన సరుకును వెనక్కి తిప్పాలి. అనుమానముంటే మూతగల డబ్బాలో కాస్త వేసి, వెచ్చగా ఉంచి, మీటరు గొట్టం పెట్టి చూడండి. అగ్గిపుల్ల గీసి చూసే పాత అలవాటు మానాలి.

డెల్టాలో నవంబరు తుపాను వానలకు క్యాచ్ పిట్లు (ప్లాంటు నీళ్ళలోంచి హెక్సేన్‌ను ఆపే గుంటలు) నిండుతాయి. హెక్సేన్ నీటిలో కలవదు, పైన తేలి డ్రెయిన్లోకి పోతుంది. 1981 ఫిబ్రవరిలో అమెరికాలోని లూయీవిల్‌లో సోయా ప్లాంటు నుంచి మురుగు కాలువల్లోకి చేరిన హెక్సేన్ పేలి వీధులే బద్దలయ్యాయి. వాటర్ సీల్ (హెక్సేన్ డ్రెయిన్లోకి దాటకుండా ఆపే నీటి అడ్డు) నిలిచిందో లేదో వాన వెలిసిన వెంటనే చూడండి.

కన్వేయర్, ఎలివేటర్ల కేసింగ్ (పై తొడుగు) లోపల కమురు వాసన వస్తే మూత తీయకండి, హోస్‌తో నీళ్ళు కొట్టకండి. లోపలి తవుడు లేస్తే రాజుకుంటున్నది పేలుతుంది. ఫీడు ఆపి, పక్క కన్వేయర్లు ఆపి, అందరినీ బయటికి పంపి ఫైర్ స్టేషనుకు 101కి చెప్పండి. హెక్సేన్ ఉందన్న మాట ఫోన్లోనే చెప్పండి.