శ్రీశైలం ఒక్కరోజు ట్రిప్: ఎక్కడ చెడుతుంది, ఎట్లా సరిచేసుకోవాలి

నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి, హాజీపూర్ మీదుగా మన్ననూరు చేరితే నల్లమల మొదలవుతుంది. దోస్తులతో ఆ దారిన ఎన్నిసార్లు పోయినా నాకు తనివి తీరదు. కొన్ని ట్రిప్పులు చెడిపోయాయి కూడా. వాటిలో చాలావాటికి మూలం ఇంటి దగ్గర, బయల్దేరక ముందే ఉంది.

సమస్య: రాత్రి చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు

ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. జంతువులు రోడ్డు దాటే వేళ కాబట్టి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లను అడవిలోకి వదలరు. ఎంత బతిమాలినా లాభం లేదు, బతిమాలకూడదు కూడా. అసలు కారణం పొద్దున్నే ఉంది: ఐదింటికి అనుకున్నది, ఒకరి కోసం ఒకరు ఆగి ఎనిమిదయింది. పోవడానికే నాలుగున్నర, ఐదు గంటలు పడుతుంది.

పరిష్కారం: నాలుగున్నరకల్లా బండి కదలాలి. తిరుగు ప్రయాణంలో సాయంత్రం ఐదింటికి శ్రీశైలం వదలాలి. మల్లన్న దర్శనం, ఫర్హాబాద్ వ్యూపాయింట్, మల్లెలతీర్థం జలపాతం అన్నీ ఒక్కరోజులో పెట్టుకోవద్దు. సోమవారం, కార్తీక మాసంలో అయితే దర్శనానికే పూట గడుస్తుంది. దర్శనమా, అడవా అన్నది ముందు రోజు రాత్రే తేల్చుకోండి.

సమస్య: దిగుడులో కాలిన వాసన, బ్రేక్ మెత్తబడింది

అన్నిటికంటే దీని గురించే నాకు భయం. దోమలపెంట దాటాక కృష్ణ దాకా మలుపుల దిగుడు. ఒకసారి ఏడుగురం ఒకే బండిలో దిగుతున్నాం. ముందు చక్రం దగ్గర రబ్బరు కాలినట్టు ఘాటు వాసన. నడిపేవాడు పెడల్ తొక్కితే స్పాంజి మీద కాలు వేసినట్టు లోపలికి పోయింది. "అరేయ్, బ్రేక్ పడతలేదురా" అన్న వాడి గొంతు నాకింకా వినిపిస్తుంది. గేరు తగ్గించుకుంటూ, హ్యాండ్‌బ్రేక్ కొద్దికొద్దిగా లాగుతూ పక్కన ఆపాడు. బతికిపోయాం.

కారణం: దిగుడంతా నాలుగో గేరులో, బ్రేక్ మీద కాలు తీయకుండా రావడం. ప్యాడ్లు కాగిపోతే పట్టు తగ్గుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతదైతే ఆ వేడికి మరిగి లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టే పెడల్ మెత్తబడుతుంది.

పరిష్కారం: ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. రెండో గేరు వేస్తే ఇంజనే బండిని పట్టి ఆపుతుంది. బ్రేక్ మలుపు ముందు గట్టిగా తొక్కి వదిలేయాలి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం ప్రాణాలతో చెలగాటం. వాసన వస్తే వెంటనే రోడ్డు వెడల్పున్న చోట ఆపి అరగంట చల్లారనివ్వండి. చక్రం మీద నీళ్లు పోయొద్దు, కాగిన డిస్క్ వంగిపోవచ్చు. రెండేళ్లుగా బ్రేక్ ఆయిల్ మార్చకపోతే, ట్రిప్పుకు ముందే మెకానిక్ దగ్గరికి పోండి.

సమస్య: ఎక్కుడులో ఇంజన్ హీటెక్కింది

వంతెన దాటి సుండిపెంట వైపు ఎక్కేటప్పుడు, నిండా జనం, పైగా ఏసీ. ముల్లు ఎర్ర గీత వైపు పోతుంటే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టండి. కాసేపు చెమట పట్టినా ఇంజన్ వేడి కొంత లోపలికి లాగేస్తుంది. అయినా తగ్గకపోతే ఆపండి. రేడియేటర్ మూత మాత్రం చల్లారేదాకా ముట్టుకోవద్దు, మరిగే నీళ్లు ముఖాన కొడతాయి.

సమస్య: వెనక సీటులో వాంతులు

చెవి లోపలి భాగం మలుపు తిరుగుతున్నామంటుంది, ఫోన్ చూసే కళ్లు కదలట్లేదంటాయి. ఆ తకరారే వికారం. ఆ మనిషిని ముందు సీటులో కూర్చోబెట్టి దూరంగా రోడ్డు చూడమనండి. పొద్దున పూరీ బదులు ఇడ్లీ తినండి. డాక్టరు సలహాతో మాత్ర వేసుకుంటే ప్రయాణానికి ముందే వేసుకోవాలి. నడిపేవాళ్లు వేసుకోవద్దు, నిద్ర ముంచుకొస్తుంది.

సమస్య: ఫోన్ పే కాలేదు, దారీ తెలియలేదు

అడవిలో చాలా దూరం సిగ్నల్ ఉండదు. నగదు ఉంచుకోండి, మ్యాప్ ముందే దించుకోండి, మన్ననూరుకు ముందే ట్యాంకు నింపండి.

సమస్య: ఇంత దూరం వస్తే నీళ్లే లేవు

ఎండాకాలంలో మల్లెలతీర్థానికి మూడొందల పైచిలుకు మెట్లు దిగినా సన్నని ధారే కనిపిస్తుంది. వానలు పడ్డాక పోవాలి. శ్రీశైలం డ్యామ్ సంగతి వేరు. కృష్ణపై ఎగువన ఉన్న జూరాల డ్యామ్ గేట్లు ఎత్తారని వినగానే మనవాళ్లు బయల్దేరుతారు, ఇక్కడ చూస్తే గేట్లు మూసే ఉంటాయి. పైనుంచి వచ్చిన వరద ముందు జలాశయాన్ని నింపాలి. పూర్తి మట్టం 885 అడుగులు. పేపర్లో మట్టం 880 దాటి, జూరాల, తుంగభద్రల నుంచి వరద ఆగకుండా వస్తోందంటే ఇక దగ్గరపడ్డట్టే. గేట్లు లేచాయన్న కబురు రాగానే ఆదివారం దాకా ఆగకుండా మామూలు రోజు సెలవు పెట్టి పోండి. ఆదివారం డ్యామ్ దగ్గర బండ్ల బారుల్లోనే పొద్దు గుంకుతుంది.