రాయడం ఆగిపోయిందా? ఎక్కడ ఆగిందో ముందు చూడండి

నేను నాలుగేళ్ళు ఒక్క కథ కూడా రాయలేదు. నాన్న మంచాన పడ్డారు, తర్వాత ఊరు మారాం, కొత్త ఉద్యోగం. సాకులనుకున్నా సరే, కారణాలనుకున్నా సరే. మళ్ళీ కూర్చున్నప్పుడు బండి ఎక్కడెక్కడ మొరాయించిందో ఆ వరసలోనే చెబుతాను.

సమస్య: నాలుగు లైన్లు రాయగానే చిరాకేసి చెరిపేయడం

కారణం: రాయడం మానేశారు గానీ చదవడం మానలేదు. రుచి పెరిగింది, చెయ్యి మాత్రం మొద్దుబారింది. రాసిన ప్రతి వాక్యం మీకే నచ్చదు.

పరిష్కారం: వేసవి సెలవుల తర్వాత బడిలో బోరింగు కొట్టినవాళ్ళకి తెలుసు. ముందు గాలి, తర్వాత తుప్పు నీళ్ళు, ఆ తర్వాతే మంచినీళ్ళు. పైనుంచి ఓ చెంబుడు నీళ్ళు పోస్తే త్వరగా అందుకుంటుంది. ఆ చెంబుడు నీళ్ళంటే, కథ కాని రాత. మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర విన్న మాటల్ని విన్నట్టే రోజూ పావుగంట రాశాను. "కాటన్ చీర కదమ్మా, కాస్త తడిగా ఉన్నప్పుడే తేవాల్సింది" లాంటివి. తొమ్మిదో రోజు రాతలో ఒక తెల్ల చొక్కా వచ్చి పడింది. ఇస్త్రీకి ఇచ్చినాయన మూడు నెలలైనా తీసుకెళ్ళలేదట. మడత నలగకుండా బండి కింద మూటలోనే ఉంది. ఆ చొక్కా దగ్గర నాకు కథ అందుకుంది.

ఈ పని ఫోన్‌లో వద్దు, నోట్‌బుక్‌లో పెన్నుతో చేయండి. ఫోన్‌లో చెరిపేసే బటన్ వేలికి మరీ దగ్గర.

సమస్య: సగంలో వదిలేసిన పాత కథ కదలడం లేదు

కారణం: ఎన్నిసార్లు తెరిచినా మొదటినుంచి చదువుకుంటూ వచ్చి, అప్పుడు ఆగిన సీన్ దగ్గరే మళ్ళీ ఆగుతున్నారు.

పరిష్కారం: ఆ సీన్ వదిలేసి తర్వాతది రాయండి. ఇదేం కొత్త చిట్కా కాదు. 11వ శతాబ్దంలో నన్నయ భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. 13వ శతాబ్దంలో తిక్కన ఆ ఖాళీ జోలికి పోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకుని 15 పర్వాలు రాసేశాడు. మిగిలిన అరణ్యపర్వాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన పూరించాడు. మీకు అంత కాలం పట్టదు లెండి. "ఇక్కడ అన్నదమ్ముల గొడవ" అని ఒక లైను పెట్టి దాటేయండి. నా కథలో అలా దాటేసిన గొడవ చివరికి అక్కర్లేకుండానే పోయింది.

సమస్య: పాత ఫైలు తెరిస్తే అన్నీ పిచ్చి అక్షరాలు

కారణం: అప్పట్లో డీటీపీ (అచ్చుకి కంప్యూటర్‌లో పేజీలు కూర్చడం) కోసం 'అను' అనే పాత రకం ఫాంట్లలో కొట్టి ఉంటారు. అది ఇప్పుడు ఫోన్లూ కంప్యూటర్లూ తెలుగుకి వాడే యూనికోడ్ కాదు.

పరిష్కారం: దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. మార్చాక ఒత్తులు ఒకసారి సరిచూసుకోండి. ప్రింటు ఉంటే మాత్రం తిరిగి టైపు చేయడమే మేలంటాను, చేతికి పాత నడక గుర్తొస్తుంది.

సమస్య: మూడు రోజుల ఊపు, నాలుగో రోజు చప్పబడిపోవడం

కారణం: ఆరంభశూరత్వం. రోజుకి వెయ్యి పదాలని శపథం పట్టి ఉంటారు.

పరిష్కారం: పావుగంట చాలు. ఇంకా రాయాలని ఉండగానే, వీలైతే వాక్యం మధ్యలో లేచిపోండి. "ఆమె తలుపు తీసి" అని ఆపేస్తే, అన్నం తింటున్నా మనసు ఆ గుమ్మం దగ్గరే ఉంటుంది. సంక్రాంతి, ఉగాది కథల పోటీల గడువులు కూడా పనిచేస్తాయి, కానీ మొదటి కథకి ఆ టెన్షన్ పెట్టుకోవద్దు.

సమస్య: కూర్చోవడానికే టైం లేదు

బస్సులోనో, నడుస్తూనో ఫోన్‌కి తెలుగులో చెప్పండి, అదే టైపు చేస్తుంది. తప్పులుంటాయి. నా కథలో "ఇస్త్రీ" అన్న చాలాచోట్ల "స్త్రీ" అని పడింది. దిద్దడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఆ రెండింటినీ రాసిన రోజుల్లోనే కలిపేసుకున్నాను.