గిటార్‌ని నెలల తరబడి దాచిపెట్టాలంటే

అకౌస్టిక్ గిటార్‌ని చాలాకాలం వాయించకుండా పెట్టేయాల్సి వచ్చినప్పుడు అందరూ మొదట అడిగేది తీగలు వదులు చేయాలా వద్దా అని. దానికన్నా ముందు చూసుకోవాల్సింది, గిటార్ పెట్టబోయే చోట గాలిలో తేమ ఎంత ఉంటుందని. దాచిపెట్టిన గిటార్లు ఎక్కువగా పాడయ్యేది ఆ తేమ దగ్గరే.

గిటార్ పైచెక్క మందం సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే. అంత పల్చటి చెక్క తేమ పీల్చుకుంటే ఉబ్బుతుంది, ఆరిపోతే కుంచించుకుపోతుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే నిశ్చింత. 40 కన్నా తగ్గి చాలాకాలం అలాగే ఉంటే పైచెక్క లోపలికి కుంగుతుంది, తీగలు కిందకి దిగి జరజరమంటాయి, నెక్ (గిటార్ మెడ) అంచున చెయ్యి పోనిస్తే ఫ్రెట్ల (దాని మీది లోహపు పట్టీల) చివర్లు గుచ్చుకుంటాయి, ఇంకా ఆరితే చెక్క పగులుతుంది. 60 దాటితే బ్రిడ్జ్ (పైచెక్క మీద తీగలు కట్టే పట్టీ) వెనక చెక్క ఉబ్బి తీగలు ఎత్తుకి లేస్తాయి, తుప్పు పడుతుంది, బూజు కూడా రావచ్చు. ప్లైవుడ్ గిటార్లు కాస్త ఎక్కువ తట్టుకుంటాయి గానీ వాటికీ నెక్, ఫింగర్‌బోర్డ్ (వేళ్లతో తీగలు నొక్కే పలక) చెక్కవే కదా, పూర్తిగా వదిలేయకండి.

అందుకే కేస్‌లో ఒక చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ (తేమ కొలిచే మీటర్) పెట్టండి. అది సరిగ్గా చూపిస్తోందో లేదో తేల్చుకోవడం తేలిక: ఒక మూతలో ఉప్పు వేసి, ముద్దగా అయ్యేలా నాలుగు చుక్కల నీళ్లు కలిపి, హైగ్రోమీటర్‌తో పాటు జిప్ కవర్‌లో పెట్టి గాలి చొరకుండా మూసేసి రాత్రంతా వదిలేయండి. 75 శాతం దగ్గర చూపించాలి. 70 చూపిస్తే, దాని లెక్కకి 5 కలుపుకుని చదవాలన్నమాట.

కేస్ గట్టిదే మేలు, గుడ్డ బ్యాగ్ గాలిలో మార్పుల్ని పెద్దగా ఆపలేదు. లోపల రెండు వైపులా పనిచేసే తేమ ప్యాకెట్లు వేస్తే ఎక్కువైతే పీల్చుకుంటాయి, తక్కువైతే వదులుతాయి, గట్టిపడ్డాక మార్చేయాలి. సిలికా జెల్ మాత్రం తీసుకోవడమే గానీ తిరిగివ్వదు, కాబట్టి వాతావరణం పొడిగా ఉన్నప్పుడు అది ఉంటే నష్టమే.

ఇక తీగలు. స్టీల్ తీగలన్నీ కలిపి నెక్ మీద దాదాపు 70 కిలోల లాగుడు ఉంటుంది. నెలల తరబడి పెట్టేస్తున్నారంటే రెండు ఫ్రెట్ల మేర శ్రుతి తగ్గించండి, అంటే లావుగా ఉండే E తీగ D స్వరానికి వస్తుంది, అంతకన్నా అక్కర్లేదు. పూర్తిగా తీసేయడం నాకు నచ్చదు, ఎందుకంటే నెక్ లోపల ఉండే ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ తీగల లాగుడికి ఎదురుగా పనిచేస్తుంది, ఎదుటి లాగుడు లేకపోతే నెక్ వెనక్కి వంగే అవకాశం ఉంది. ట్రస్ రాడ్‌ని మీరు తిప్పకండి.

మూసేముందు చెమట, జిడ్డు పోయేలా తీగల్నీ చెక్కనీ పొడిగుడ్డతో తుడవండి. కేపో (నెక్‌కి బిగించే క్లిప్), స్ట్రాప్ తీసేయండి. పికప్ (శబ్దాన్ని ఆంప్లిఫయర్‌కి పంపే పరికరం) ఉంటే బ్యాటరీ తప్పకుండా తీయాలి, అది కారితే లోపలి సర్క్యూట్ పోతుంది. నైట్రోసెల్యులోజ్ పాలిష్ ఉన్న గిటార్లకి రబ్బరు, వినైల్ తగలకుండా చూడండి, చాలాకాలం తగిలితే పాలిష్ కరిగి మచ్చ పడుతుంది. నెక్‌కి కేస్‌లో ఆధారం ఉందో లేదో, మూత వేస్తే హెడ్‌స్టాక్‌ని (తీగలు బిగించే మరలుండే చివరి భాగాన్ని) ఏదైనా నొక్కుతోందో చూసుకోండి.

లోపలి గోడ పక్కన అల్మారా మంచి చోటు. అటక, కారు డిక్కీ, ఏసీ గాలి నేరుగా తగిలే మూల, ఎండపడే కిటికీ వద్దే వద్దు, మరీ వేడెక్కితే జిగురు మెత్తబడి బ్రిడ్జ్ లేచిపోతుంది. కేస్‌ని నిలబెట్టినా పడుకోబెట్టినా ఫర్వాలేదు, పైన మాత్రం ఏ బరువూ పెట్టకండి.

నెలకోసారి కేస్ తెరిచి హైగ్రోమీటర్ అంకె చూడండి, ప్యాకెట్ నొక్కి చూడండి, బ్రిడ్జ్ చుట్టూ, వెనక అతుకుల దగ్గర కొత్త గీతలేమైనా వచ్చాయేమో లైట్ వేసి చూడండి. తిరిగి వాయించడానికి తీసేటప్పుడు, చలిచోటు నుంచి వెచ్చటి గదిలోకి తెస్తే కేస్‌ని కొన్ని గంటలు తెరవకుండా వదిలేయాలి. తర్వాత తీగల్ని ఒకేసారి బిగించకుండా కొంచెం కొంచెంగా శ్రుతికి తెచ్చి, రెండు మూడు రోజులు చూశాకే అవసరమైతే సెటప్‌కి (తీగల ఎత్తు, నెక్ సరిచేయించడానికి) ఇవ్వండి.