చూరు పలక కుళ్లుతోందా? ముందు నీళ్ల దారి పట్టుకోండి

బెంగళూరులో 1898 ప్లేగు తర్వాత పెరిగిన పేటలు బసవనగుడి, మల్లేశ్వరం. అక్కడ అపార్ట్‌మెంట్ల మధ్య ఇంకా మిగిలిన పాత పెంకుటిళ్లకు చూరు పొడవునా చెక్క పలక ఉంటుంది. కొన్నింటికి కిటికీల మీద మంకీ టాప్ అనే చెక్క గొడుగు కూడా. వానలు వెనకబట్టాక ఆ ఇళ్లవాళ్లందరిదీ ఒకటే టెన్షన్: పలక మెత్తబడింది, ఏం చేయాలి?

కార్పెంటర్‌ని పిలిస్తే, "లప్పం పెట్టి పెయింట్ కొట్టేద్దాం సార్" అంటాడు. ఒప్పుకోకండి. తడి లోపలే ఉండిపోయి, పైకి నున్నగా కనిపిస్తూనే పలక డొల్లవుతుంది.

ముందు రోగం ఏదో తేల్చుకోవాలి. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మొన మెత్తగా దిగి, చెక్క గోధుమరంగుకు తిరిగి అడ్డంగా నిలువుగా గళ్లుగళ్లుగా పగిలి ఉంటే అది బూజు తెచ్చిన కుళ్లు. చెక్కలో తేమ 20 శాతం దాటి నిలిస్తే తప్ప ఇది పుట్టదు. లోపల మట్టి కనిపిస్తే చెద. చెదల మందు కొట్టించాకే వడ్రంగం పని మొదలెట్టండి. సన్నని చిల్లుల నుంచి పిండి రాలుతుంటే పుచ్చు పురుగు, దానికీ మందు వేరే.

కుళ్లే అయితే, అది ఎక్కడ పట్టిందో చూస్తే నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో తెలిసిపోతుంది. పై అంచు పొడవునా మెత్తబడితే చూరు వెంట వాననీళ్లు పారే దోనె ఆకులతో పూడి, నీళ్లు వెనక్కి పొర్లుతున్నట్టు. గుల్‌మొహర్ చెట్టు కింద ఇల్లుంటే ఇంకేం వెతకక్కర్లేదు. దోనె శుభ్రం చేసి, వాటం సరిచేయండి. మధ్యలో ఒక్కచోటే అయితే సరిగ్గా దాని పైన పెంకు పగిలో జరిగో ఉంటుంది. రెండు పలకలు కలిసే చోటా, కోసిన కొసల్లోనూ అయితే, అక్కడ పెయింట్ పట్టలేదన్నమాట. కోసిన కొస నీళ్లను పీల్చినట్టు చెక్క పక్కభాగం పీల్చదు. కింది అంచు ఒక్కటే నానుతుంటే, చుక్క రాలిపోయేలా అడుగున సన్నటి గాడి తీయిస్తే సరిపోతుంది.

నీళ్లు ఆగాకే కోత. కుళ్లు కనిపించిన చోట ఆపకుండా, గట్టి చెక్కలోకి మరో అయిదారు అంగుళాలు వెళ్లి, 45 డిగ్రీల వాలుగా కోయండి. నిలువుగా కోసి అతికితే ఆ సందులోకి వాన నేరుగా దిగుతుంది. వాలు కూడా పై ముక్క కింది ముక్కను కప్పేటట్టు ఉండాలి. కొత్త ముక్కకు ఆరిన టేకు, అదీ చేవ భాగమే, అంటే నడిమి ముదురు చెక్కే తీసుకోండి. డిపోలో అంచున ఉన్న తెల్ల చెక్కను కలిపి అంటగడతారు, చూసుకోండి. బిగించే ముందే ఆరు వైపులా వుడ్ ప్రైమర్ పట్టించాలి, కొసలకు రెండు పూతలు. మామూలు ఇనప మేకులు తుప్పు పట్టి చుట్టూ చెక్కను తినేస్తాయి కాబట్టి స్టెయిన్‌లెస్ స్క్రూలే వాడండి.

మచ్చ రూపాయి బిళ్లంత ఉంటే కోయనక్కర్లేదు. మెత్తటిదంతా ఉలితో గీకేసి, బాగా ఆరనిచ్చి, ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) నింపండి. గోడల లప్పం మాత్రం బయట నిలవదు.

పాత పెయింట్‌ని పొడిగా రుద్దకండి. ఇంటి పెయింట్లలో సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల్లో 90 వంతులకు) కట్టడి చేసిన నిబంధన 2017లోనే అమల్లోకి వచ్చింది, అంతకుముందువి నమ్మలేం. తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఈ పనికి జనవరి నుంచి మార్చి దాకా అనువైన కాలం. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో చెక్క ఆరదు. పలక తీసినప్పుడు వెనక వాసాల కొసలు కూడా పొడిచి చూడండి. అవీ మెత్తగా ఉంటే నిచ్చెన దిగేయండి. పెంకులు దించి, కప్పుకు ఊతాలు పెట్టి చేయాల్సిన పని అది, అనుభవమున్న వడ్రంగికి వదిలేయాలి.