ఇంటి పెద్ద పోయాక కాగితాల పని: పంపకం ఆఖరుకే

నల్లగొండలో ఒక ఆడిటర్ ఆఫీసులో చాలా ఏళ్లుగా లెక్కలు చూస్తున్నాను. దినాలు కాగానే చాలామంది ముందు బ్యాంకుకే పోతారు. ఖాతా మూసేసి, డబ్బు పంచుకొని, తర్వాత ఇన్‌కమ్ ట్యాక్స్ నోటీసు పట్టుకొని మా దగ్గరికొస్తారు. అందుకే పదే పదే చెప్తుంటాను, పంపకం ఆఖరున పెట్టుకోండి.

మా పెదనాన్న రిటైర్డ్ టీచర్. నకిరేకల్ వైపు మూడెకరాల పొలం, నల్లగొండలో ఒక ప్లాటు, బ్యాంకులో ఎఫ్‌డీలు ఉండేవి. సెప్టెంబరులో పోయారు. ఆ పనులన్నీ నేనే దగ్గరుండి చూశాను. అదే వరుసలో చెప్తాను.

మొదట మరణ ధ్రువపత్రం. 21 రోజుల్లోపు ఊళ్లో పంచాయతీ కార్యదర్శి దగ్గర, పట్నంలో మున్సిపాలిటీలో రాయించాలి. పేరు మాత్రం అక్షరం అక్షరం చూసుకోండి. మన దగ్గర ఒకే మనిషి ఆధార్‌లో నర్సింహ, పట్టా పాస్‌బుక్కులో నర్సయ్య అయి ఉంటాడు. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, పెన్షన్ కాగితాల్లో మొదటి అక్షరం ఒక్కటే ఉంటుంది. రాసేవాళ్ల ముందు పాన్, ఆధార్ రెండూ పెట్టి రాయించండి. ఇక్కడ తేడా పడితే బ్యాంకు, తహసీల్దార్ ఆఫీసు, ట్యాక్స్ పోర్టల్ అన్నిచోట్లా ఆగిపోతారు.

తర్వాత మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు పెట్టుకోవాలి. పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డల పేర్లు తప్పకుండా రాయండి. హిందూ కుటుంబంలో వీలునామా లేకపోతే భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు పోయినాయన తల్లి బతికుంటే ఆమెకూ సమాన వాటా ఉంటుంది. ఆ ముసలామెను చాలా ఇళ్లలో మరిచిపోతారు. అది అన్యాయం, రేపు కోర్టులో నిలవదు కూడా.

ఇప్పుడు ట్యాక్స్. వారసత్వంగా వచ్చిన ఆస్తి మీద మన దేశంలో పన్ను లేదు, ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు. కానీ పోయినాయన ఆదాయానికి రిటర్ను వేయాల్సిందే. వారసుల్లో ఒకరు తమ సొంత లాగిన్‌తో పోర్టల్‌లోకి వెళ్లి చట్టబద్ధ వారసుడిగా నమోదు కావాలి. పెదనాన్నకు ఏప్రిల్ 1 నుంచి పోయిన రోజు దాకా వచ్చిన పెన్షన్, వడ్డీ ఆయన పాన్ మీదే చూపించాం. ఆ తర్వాతి వడ్డీ వారసులది. వీలునామాలో దాన్ని అమలు చేసే మనిషి (ఎగ్జిక్యూటర్) పేరు ఉంటే, పంచేదాకా వచ్చే ఆదాయానికి ఆయన విడిగా రిటర్ను వేయాలి. పెద్దమ్మకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌ను జీతం కింద వేయకూడదు, ఇతర ఆదాయం కింద చూపాలి. కొత్త పన్ను విధానంలో అందులో మూడో వంతు లేదా 25,000 రూపాయలు, ఏది తక్కువైతే అంత మినహాయింపు ఉంది.

పాత పన్ను బాకీ ఉంటే వారసులే కట్టాలి, అయితే తమకు వచ్చిన ఆస్తి విలువ మేరకే. సొసైటీలో పంట లోను ఉంటే అదీ ఇప్పుడే తేల్చుకోండి.

బ్యాంకులో నామినీకి డబ్బు చేతికిస్తారు, అంతమాత్రాన అది ఆ నామినీ ఒక్కరిదే కాదు. నామినీ లేక, మొత్తం పెద్దదైతే సివిల్ కోర్టులో వారసత్వ ధ్రువపత్రం (సక్సెషన్ సర్టిఫికెట్) తేవాల్సి రావచ్చు. అది డబ్బుకూ షేర్లకే గానీ భూమికి పనికిరాదు. పొలానికి తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో విరాసత్ (వారసుల పేరు మీదికి మార్చే) దరఖాస్తు వేరు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ముందే కూర్చొని ఒక మాట మీదికి రండి. ఒక్కరు అభ్యంతరం పెట్టినా అక్కడే ఆగుతుంది.

పోయినాయన రిటర్ను మీద ట్యాక్స్ రిఫండ్ ఉంటే అది వచ్చాకే ఆయన పాన్ రద్దుకు లేఖ ఇవ్వండి, ముందు కాదు.

ఇక ప్లాటు. అమ్మితే లాభం మీద పన్ను పడుతుంది. పెదనాన్న దాన్ని 2001కి ముందే కొన్నారు కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ఖర్చుగా తీసుకోవచ్చు, ఆయన ఉంచుకున్న కాలం కూడా మనకు కలుస్తుంది. ఆ విలువకు ఆస్తి విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యుయర్ దగ్గర కాగితం తీసుకున్నాకే బేరం మాట్లాడండి.