బిర్యానీ ముద్దతో పిల్లలకు జీర్ణవ్యవస్థ పాఠం

హైదరాబాదు పిల్లలకు ఈ పాఠాన్ని బిర్యానీతో చెప్పడం సులువు. ముందుగా ఉత్త అన్నం ముద్దను నిమిషంపాటు మింగకుండా నమలమనండి. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ (జీర్ణరసంలో ఆహారాన్ని విడగొట్టే పదార్థం) పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టడంతో నాలుకకు క్రమంగా తీపి తెలుస్తుంది. అన్నవాహిక గుండా జీర్ణాశయం చేరిన బిర్యానీలోని మాంసపు ప్రోటీన్లను హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పెప్సిన్ అనే ఎంజైమ్ కలిసి విడగొట్టడం ప్రారంభిస్తాయని చెప్పండి. నెయ్యి మాత్రం ప్రధానంగా చిన్నపేగులోనే జీర్ణమవుతుంది: కాలేయం తయారుచేసిన పైత్యరసం కొవ్వును సన్నని బిందువులుగా చేస్తే, క్లోమరసంలోని లైపేజ్ అనే ఎంజైమ్ వాటిని జీర్ణం చేస్తుంది.

నా దృష్టిలో పాఠానికి ఆయువుపట్టు చిన్నపేగే కాబట్టి ఇక్కడ తొందరపడకండి. సుమారు 6 మీటర్ల తాడును నేలపై పరిచి దాని పొడవును కళ్లకు కట్టించి, లోపలి గోడలపై సన్నని వేళ్లలా పొడుచుకొచ్చి ఉండే ఆంత్రచూషకాలే జీర్ణమైన ఆహారాన్ని పీల్చుకుంటాయని వివరించండి. మిగిలినదానిలోని నీటిని పెద్దపేగు పీల్చుకుంటుంది.