రెండు గ్రాఫిక్స్ కార్డుల మధ్య తేల్చుకునే ముందు

కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనాలనుకునేవాళ్లు చాలామంది రెండు కార్డుల స్పెక్స్ పక్కపక్కన పెట్టుకుని, పెద్ద అంకె ఎటు కనిపిస్తే అటు మొగ్గుతారు. కంపెనీ ఇచ్చిన అంకెలు అబద్ధాలేమీ కావు. కాకపోతే ఒక కార్డు అంకెకూ ఇంకో కార్డు అంకెకూ పొంతన ఉండాలనేం లేదు. ఏ అంకెను దేనితో పోల్చవచ్చో తెలియకుండా డబ్బు కట్టకండి.

అన్నింటికన్నా ఎక్కువమంది బోల్తా పడేది కోర్ల, అంటే కార్డులో లెక్కలు చేసే చిన్న యూనిట్ల, లెక్క దగ్గర. ఎన్విడియా 2018లో తెచ్చిన ఆర్‌టీఎక్స్ 2080 టీఐలో 4,352 కోర్లు ఉన్నాయి. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3070లో 5,888. ఈ లెక్కన కొత్తది మూడో వంతుకు పైగా ముందుండాలి. గేముల్లో చూస్తే రెండూ దాదాపు సమానం. పాత డిజైన్‌లో దశాంశ లెక్కలకు ఒక గుంపు, పూర్ణాంక లెక్కలకు ఇంకో గుంపు ఉండేవి. మొదటి గుంపునే కోర్లుగా చెప్పేవారు. 3000 సిరీస్‌లో రెండో గుంపు కూడా దశాంశ లెక్కలు చేసేలా మార్చి, దాన్నీ లెక్కలో కలిపేశారు. గేమ్‌లో పూర్ణాంకాల పని వచ్చినప్పుడల్లా ఆ గుంపులో కొంత అటు మళ్లిపోతుంది. అందుకే కోర్లు పెరిగినంతగా వేగం పెరగలేదు. ఒకే కంపెనీ, ఒకే తరం కార్డులైతేనే కోర్లను పోల్చండి. కంపెనీలు వేరైతే ఆ పోలికకు అర్థమే లేదు: 3,072 కోర్లున్న ఆర్‌టీఎక్స్ 4060, 2,048 ఉన్న ఏఎండీ ఆర్‌ఎక్స్ 7600 మామూలు గేముల్లో దగ్గరదగ్గరగానే నడుస్తాయి. రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా లెక్కగట్టే పద్ధతి) ఆన్ చేస్తే మాత్రం 4060 ముందుంటుంది.

పేరు ఒకటే కదా అని ధీమాగా ఉండటం ఇంకా ప్రమాదం. జీటీఎక్స్ 1060 3 జీబీ, 6 జీబీ రకాలకు మెమరీ ఒక్కటే తేడా అనుకున్నవాళ్లు ఎందరో. నిజానికి చిన్నదానిలో కోర్లు కూడా 1,280 నుంచి 1,152కు తగ్గాయి. జీటీ 1030 కథ మరీ అన్యాయం. మొదట జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది, తర్వాత అదే పేరుతో డీడీఆర్4 రకాన్ని దించారు. మెమరీ బ్యాండ్‌విడ్త్, అంటే సెకనుకు అటూ ఇటూ వెళ్లగల డేటా, 48 జీబీ నుంచి 17 లోపుకు పడిపోయింది. నా దృష్టిలో దానికి వేరే పేరు పెట్టి ఉండాల్సింది. ఇక ల్యాప్‌టాప్ కొనేవాళ్లు రెట్టింపు జాగ్రత్తగా ఉండాలి. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4090లో 16,384 కోర్లు, 24 జీబీ మెమరీ ఉంటే, అదే పేరున్న ల్యాప్‌టాప్ చిప్‌లో 9,728 కోర్లు, 16 జీబీయే. పైగా ఒకే చిప్‌కు ఒక్కో ల్యాప్‌టాప్‌లో ఒక్కో వాట్ పరిమితి పెడతారు. ఎన్ని వాట్లో చెప్పని ల్యాప్‌టాప్‌ను పోలికలోకే తేవద్దు.

మెమరీ విషయంలో జీబీలు ఒక్కటే చూస్తే సరిపోదు. బస్ (చిప్‌కూ మెమరీకీ మధ్య దారి) వెడల్పును బిట్లలో తీసుకుని 8తో భాగించి, సెకనుకు గిగాబిట్లలో ఉన్న మెమరీ వేగంతో గుణిస్తే బ్యాండ్‌విడ్త్ జీబీల్లో వస్తుంది. 8 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 4060కి 128ని 8తో భాగించి 17తో గుణిస్తే 272. పాత 3060 12 జీబీ రకానికి అదే లెక్క 360. మరి 1080పీ రిజల్యూషన్‌లో 4060 ఎందుకు ముందుంటుంది? చిప్ లోపలి క్యాష్‌ను, అంటే చిన్న వేగవంతమైన మెమరీని, 3 ఎంబీ నుంచి 24 ఎంబీకి పెంచారు కాబట్టి ప్రతిసారీ మెమరీ దాకా వెళ్లాల్సిన పని తగ్గింది. రిజల్యూషన్ పెరిగేకొద్దీ ఆ లాభం కరుగుతూ వస్తుంది. 8 జీబీ నిండిపోతే సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) బాగానే కనిపిస్తూనే, గోడల మీద టెక్స్చర్లు (పైన అతికించే బొమ్మలు) మసకగా వచ్చి ఆలస్యంగా తేరుకుంటాయి. మలుపు తిరిగినప్పుడల్లా గేమ్ ఒక్క క్షణం తడబడుతుంది.

అందుకే బెంచ్‌మార్క్ (వేగం కొలిచే పరీక్ష) గ్రాఫ్‌లో సగటు పక్కన ‘1% low’ అనే అంకె, అంటే అన్నిటికన్నా నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం, ఉందో లేదో చూడండి. ఆ తడబాటు బయటపడేది అక్కడే. తర్వాత ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య అదనపు ఫ్రేములు సృష్టించే సదుపాయం) ఆన్‌లో పెట్టి కొలిచారా అన్నది చూసుకోండి. 2025 జనవరిలో ఆర్‌టీఎక్స్ 5070ని ప్రకటిస్తూ అది 4090 పెర్ఫార్మెన్స్ ఇస్తుందని ఎన్విడియా చెప్పుకుంది. అందులో సింహభాగం ఏఐ మధ్యలో అల్లిన ఫ్రేములదే. తెర మీద కదలిక నునుపుగా కనిపిస్తుంది, మౌస్ కదిపాక స్పందన వచ్చే సమయం మాత్రం ఆ మేరకు తగ్గదు. ఒక కార్డును అది ఆన్ చేసి, ఇంకోదాన్ని ఆఫ్ చేసి కొలిచిన గ్రాఫ్ మీకెందుకూ పనికిరాదు.

టెస్ట్ చేసేవాళ్లు కావాలనే అత్యంత వేగమైన ప్రాసెసర్ వాడతారు, కార్డు సత్తా బయటపడాలని. మీ సిస్టమ్‌లో ప్రాసెసర్ పాతదైతే రెండు కార్డులూ ఒకే ఎఫ్‌పీఎస్ దగ్గర ఆగిపోవచ్చు. తెలుసుకోవడం సులువే: ఇప్పుడున్న కార్డుతోనే గేమ్ రిజల్యూషన్ బాగా తగ్గించండి. ఎఫ్‌పీఎస్ పెరగకపోతే అడ్డుపడుతున్నది ప్రాసెసర్. కార్డు మార్చినా ఒరిగేదేమీ ఉండదు.

మదర్‌బోర్డు స్లాట్ గురించి పెద్దగా ఎవరూ పట్టించుకోరు. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ స్లాట్‌లోని లేన్లలో (డేటా దారుల్లో) నాలుగే వాడుకుంటుంది. స్లాట్ పీసీఐఈ 4.0 రకమైతే ఫర్వాలేదు. అంతకంటే నెమ్మదైన పాత 3.0 బోర్డులో పెడితే, ముఖ్యంగా 4 జీబీ మెమరీ నిండాక, వేగం గట్టిగా పడిపోతుంది. పైగా అందులో వీడియో ఎన్‌కోడర్ (గేమ్ దృశ్యాన్ని వీడియోగా మార్చే భాగం) లేదు, కాబట్టి స్ట్రీమింగ్ చేసేవాళ్లు దాని జోలికి వెళ్లకపోవడమే మేలు. ఇంటెల్ ఆర్క్ కార్డయితే మదర్‌బోర్డు బయోస్‌లో (సిస్టమ్ మొదలయ్యేటప్పుడు నడిచే సాఫ్ట్‌వేర్‌లో) రీసైజబుల్ బార్, అంటే ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్నీ ఒకేసారి అందుకునే వీలు, ఉందో లేదో ముందే చూసుకోవాలి. అది లేకపోతే వేగం బాగా తగ్గుతుంది.

పవర్ సంగతి: స్లాట్ నుంచి 75 వాట్లు, ఒక్కో 8 పిన్ కనెక్టర్ నుంచి 150 వాట్లు. లెక్క సరిగ్గా సరిపోయిందని సంబరపడొద్దు. కార్డు క్షణకాలం అంతకంటే ఎక్కువ లాగుతుంది కాబట్టి పవర్ సప్లైలో కొంత మిగులు ఉండాలి. కొత్త 16 పిన్ కనెక్టర్‌ను చివరిదాకా నొక్కి పెట్టండి, వైరును మొదట్లోనే వంచకండి. సరిగ్గా కూర్చోక కరిగిపోయిన కనెక్టర్లు 2022 నుంచీ బయటపడుతూనే ఉన్నాయి. కార్డు పొడవు, మందం క్యాబినెట్‌లో పడతాయో లేదో టేపుతో కొలుచుకోండి.

వాడిన కార్డు తీసుకుంటుంటే స్టిక్కరును నమ్మకండి. పాత చిప్ ఉన్న కార్డు లోపలి బయోస్ మార్చి కొత్త పేరుతో అమ్మేవాళ్లున్నారు, పైన పటారం లోన లొటారం. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో చిప్ పేరు, కోర్లు, మెమరీ రకం, బస్ వెడల్పు చూసి కంపెనీ స్పెక్స్‌తో సరిపోల్చండి. తర్వాత బరువైన గేమ్‌నో స్ట్రెస్ టెస్ట్‌నో అరగంట నడిపి, తెర మీద చుక్కలూ గీతలూ వస్తున్నాయేమో, ఫ్యాన్ గరగరలాడుతోందేమో గమనించండి. కొత్త కార్డుకైనా ఇదే పరీక్ష పెట్టండి. వాపసు గడువు ముగిసేదాకా పాత కార్డును అమ్మకండి.